మోడల్ టి ఇంజన్ విప్పి బిగించాం: నా అనుభవం

ఫోర్డు మోడల్ టి పేరెత్తితే ఎవరికైనా గుర్తొచ్చేది కదిలే అసెంబ్లీ లైను. మొన్నమొన్నటిదాకా నాకూ అంతే. ఆ కారు ఇంజన్ ఒకదాన్ని నట్టూ బోల్టూ విప్పి, బేరింగులు పోసి, మళ్లీ బిగించి, చేత్తో తిప్పి స్టార్ట్ చేశాక నా లెక్క మారింది. లైను కదలడం చివరి అంకం. అంతకుముందు ఏడేళ్లపాటు మెషిన్ షాపుల్లో జరిగిన పని లేకపోతే ఆ లైను ఒక్క అడుగు కూడా ముందుకు పోయేది కాదు.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. కార్ల కంపెనీల్లో, వాటికి విడిభాగాలు చేసే కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. పుట్టి పెరిగింది విజయవాడ. మా మావయ్యకి ఆటోనగర్‌లో లేత్ షాపు. బడి సెలవులన్నీ అక్కడే గడిచేవి. రీబోరింగు, బుష్‌లు, క్రాంకు గ్రైండింగు, ఇవన్నీ చూస్తూ పెరిగాను. ఇక్కడ మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. జీవితమంతా టూల్‌రూములో పనిచేసి రిటైరయ్యారు. ఆయన గ్యారేజీలో 1917 నాటి మోడల్ టి ఉంది. రేడియేటర్ చుట్టూ ఇత్తడి పోయి నల్ల రేకు వచ్చిన కొత్తల్లోది. ఇంజన్ అడుగు నుంచి టకటకమని చప్పుడు వస్తోంది, బేరింగులు పోయాయి, దించుతున్నాను, చెయ్యి వేస్తావా అని అడిగారు. అడగడమే ఆలస్యం, పాత చొక్కా వేసుకుని వెళ్లిపోయాను.

ఈ ఇంజనూ గేర్ల భాగమూ ఒకే ముద్దగా బయటికొస్తాయి. చిన్న హాయిస్టు చాలు. బల్ల మీద పెట్టి మట్టీ గ్రీజూ గీకేశాక, బ్లాకుకి ఎడమ పక్కన, నీళ్లు లోపలికెళ్లే గొట్టానికి పైన, పంచితో కొట్టిన నంబరు కనబడింది. బ్లాకు పోత పోసిన తేదీ కూడా పోతలోనే ఉబ్బెత్తు అంకెలుగా ఉంది. నాలుగు సిలిండర్లూ, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కూర్చునే పై సగమూ కలిపి ఒకే పోత. హెడ్డు మాత్రం విడిగా వస్తుంది. ఆ రోజుల్లో చాలామంది సిలిండర్లను ఒక్కొక్కటిగానో జతలుగానో పోసి క్రాంక్‌కేసుకి బిగించేవాళ్లు. హెడ్డు విడిగా ఉంటే బోరులోకి, అంటే సిలిండరు రంధ్రంలోకి, మెషిను నేరుగా పైనుంచి దిగుతుంది. బోరు మూడుముప్పావు అంగుళాలు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) నాలుగు అంగుళాలు, శక్తి 20 గుర్రాలు. ఆయిల్ పంపు లేదు, నీళ్ల పంపు లేదు. ఫ్లైవీలు చిమ్మిన నూనె సన్నటి గొట్టంలోంచి ముందు గేర్లకి చేరుతుంది. ఫ్యాక్టరీలో సులువుగా తయారు కావాలని ఎంత ఆలోచించి గీశారో ఏ భాగం పట్టుకున్నా తెలుస్తుంది.

బోరు కొలిస్తే పైన ఎక్కువ, కింద తక్కువ అరిగి ఉంది. దగ్గర్లోని మెషిన్ షాపులో ముప్పై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజుకి బోరింగు చేయించాం. కొత్త పిస్టన్లు కొరియర్లో వచ్చాయి, కొత్త హెడ్ గాస్కెట్ కూడా. బ్లాకు మీద ఆ గాస్కెట్ పరిచి చూశాను. బోల్టు రంధ్రాలు, నీళ్ల దారులు అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. బ్లాకు వయసు నూరు దాటింది. గాస్కెట్ చేసినవాళ్లు ఈ బ్లాకుని ఎన్నడూ చూడలేదు. ఒక్క రంధ్రానికి కూడా ఆకురాయి పెట్టే పని పడలేదు. నేను చాలాసేపు దాన్ని ఎత్తి, పెట్టి, మళ్లీ ఎత్తి చూస్తూ ఉండిపోయాను.

ఎందుకంటే నేను చూసిన లేత్ షాపు పద్ధతి వేరు. బుష్ కావాలని ఎవరైనా వస్తే మావయ్య మొదటి మాట, "షాఫ్టేది?" షాఫ్టు తేకుండా బుష్ అడిగితే చేసేవాడు కాదు. ఆ షాఫ్టుని మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టు బోరు తీసి, తోసి చూసి, బిగుతుగా ఉంటే ఇంకో అర థౌ తీసి ఇచ్చేవాడు. ఆ బుష్ ఆ షాఫ్టుకే. రిపేరు పనికి అదే సరైన దారి. మొదట్లో కార్లు కట్టినవాళ్లూ ఇలాగే కట్టారు. దగ్గర దగ్గరగా చేసిన భాగాలు ఫిట్టర్ బల్ల మీదికి వచ్చేవి. అతను ఆకురాయితో రాకి, స్క్రేపర్‌తో గీకి, ఒకదానికొకటి కుదిర్చేవాడు. కారు ధరలో పెద్ద వాటా ఆ కుదిర్చే పనిదే. అలాంటి చోట లైను పెడితే మొదటి ఫిట్టర్ దగ్గరే ఆగిపోతుంది. అతని చేతిలో భాగం ఎప్పుడు కుదురుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఈ బెడద తీర్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది హెన్రీ లీలండ్ గురించి. తుపాకులు, కొలత పరికరాలు చేసే షాపుల్లో పని నేర్చుకుని వచ్చి కాడిలాక్ కంపెనీని నిలబెట్టిన మనిషి. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్ కార్లని పూర్తిగా విప్పారు. భాగాలన్నీ కలిపేశారు. వాటిలో కొన్ని పక్కన పెట్టి, స్పేర్ల గదిలోంచి తెచ్చిన వేరే భాగాలు వేశారు. మామూలు పానాలు, స్క్రూడ్రైవర్లతో మళ్లీ మూడు కార్లు బిగించి 500 మైళ్లు నడిపారు. దానికే అక్కడి రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఇచ్చే డ్యూవర్ ట్రోఫీ వచ్చింది. భాగం చేసినవాడు, బిగించినవాడు ఒకరినొకరు చూడకపోయినా బండి నడుస్తుందని లోకం ముందు తేల్చిన పరీక్ష అది. కాకపోతే కాడిలాక్ డబ్బున్నవాళ్ల కారు. అదే నిక్కచ్చితనాన్ని లక్షల సంఖ్యలో, చవకగా తేవడం ఫోర్డు షాపుల్లో జరిగింది.

అక్కడ నాకు బాగా నచ్చిన మనిషి వాల్టర్ ఫ్లాండర్స్. అంతకుముందు మెషిన్ టూల్స్ అమ్మేవాడు. 1906లో ఫోర్డులో చేరి, 1908లో మోడల్ టి రాకముందే వెళ్లిపోయాడు. ఉన్నది కొద్దికాలమే. అప్పటిదాకా లేత్‌లన్నీ ఒక మూల, డ్రిల్లింగ్ మెషిన్లన్నీ ఇంకో మూల ఉండేవి. భాగం ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూ ఉండేది. ఫ్లాండర్స్ ఆ వరస మార్చాడు. ఒక భాగానికి ఏ పని తర్వాత ఏ పనో, మెషిన్లని ఆ క్రమంలోనే నిలబెట్టాడు. ఒక్కో మెషిను ఒక్క పనికే. దానికో జిగ్గు (భాగాన్ని పట్టి ఉంచి పనిముట్టుకి దారి చూపే చట్రం), దానికో గేజి (కొలత సరిచూసే పరికరం). మాక్స్ వోలరింగ్ అనే మెషినిస్టు వచ్చి జిగ్గులు, ఫిక్స్చర్ల సంగతి చూశాడు. ఇప్పటి ఏ ఫ్యాక్టరీలో చూసినా ఇదే పద్ధతి. అందుకే కొత్తగా అనిపించదు. అప్పుడది తలకిందులు చేసినంత మార్పు.

మా బ్లాకు రంధ్రాల రహస్యం అక్కడే ఉంది. 1910 మొదటి రోజున హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ తెరిచారు. ఆల్బర్ట్ కాన్ అనే ఆర్కిటెక్టు గీసిన భవనం. అందులో ఫూట్ బర్ట్ వాళ్ల డ్రిల్లింగ్ మెషిను ఒకటి సిలిండర్ బ్లాకుకి నాలుగు వైపుల నుంచి ఒకేసారి 45 రంధ్రాలు వేసేది. ఆ మెషిను పనివాడు గీతలు గియ్యక్కర్లేదు, సెంటర్ పంచి కొట్టక్కర్లేదు. ఫిక్స్చర్లో బ్లాకుని కూర్చోబెట్టి, బిగించి, మీట లాగాలి. రంధ్రం ఎక్కడ పడాలో మనిషి చెయ్యి నిర్ణయించదు, ఇనుప చట్రం నిర్ణయిస్తుంది. ఆ తెలివంతా ఫిక్స్చర్ గీసినవాడిదీ, దాన్ని చేసిన టూల్‌మేకర్‌దీ. పెద్దాయన ఈ సంగతి చెబుతున్నప్పుడు గొంతులో గర్వం దాచుకోలేదు. దాచుకోవాల్సిన అవసరమూ లేదు.

ఆయన దగ్గర జొహాన్సన్ గేజి బ్లాకుల పెట్టె ఉంది. స్వీడన్ మనిషి జొహాన్సన్ కనిపెట్టిన కొలత దిమ్మెలు అవి. 1923లో ఆయనే అమెరికా వచ్చి ఫోర్డులో చేరాడు. రెండు దిమ్మెల్ని తుడిచి, ఒకదాని మీద ఒకటి నెమ్మదిగా జరిపి తిప్పి నా చేతిలో పెట్టారు. పైదాన్ని పట్టుకుని ఎత్తితే కిందిది వేలాడుతూ వచ్చింది. జిగురు లేదు, అయస్కాంతం లేదు. అంత నునుపు, అంత చదును. షాపులో ప్రతి గేజికీ చివరికి ఇవే ఆధారం. భాగంలోకి గేజి "గో" వైపు దూరాలి, "నోగో" వైపు దూరకూడదు, అంతే. మైక్రోమీటరు చదవడం రాని కుర్రాడు కూడా భాగం మంచిదో కాదో తేల్చేస్తాడు.

ఇక బేరింగుల సంగతి. పనంతటిలో నన్ను ఎక్కువ భయపెట్టిందీ, ఎక్కువ సంతోషపెట్టిందీ ఇదే. ఈ ఇంజన్‌లో క్రాంకుకి మూడు మెయిన్ బేరింగులు. షాపులో కొనే షెల్ బేరింగులు కావు. బ్యాబిట్, అంటే మనవాళ్లు వైట్ మెటల్ అనేది, కరిగించి నేరుగా బ్లాకులోనే పోయాలి. పాత లోహం తీసేశాం. బేరింగ్ గూళ్లలో దాన్ని పట్టి ఉంచడానికి ఫోర్డు వేసిన చిన్న రంధ్రాలు బయటపడ్డాయి. వాటిని శుభ్రం చేశాం. క్రాంకు స్థానంలో ఉక్కు కడ్డీ పెట్టి, దానికి ఎసిటిలీన్ మంట మసి పట్టించాం, లోహం అంటుకోకుండా. అంచులకి పుట్టీ అద్ది కట్ట కట్టాం. బ్లాకునీ కడ్డీనీ బాగా వేడెక్కించాం. ఎక్కడా తడి ఉండకూడదు. ఒక్క నీటి చుక్క ఉన్నా కరిగిన లోహం మొహం మీదికి చిమ్ముతుంది. మొహానికి అద్దం, చేతికి తోలు గ్లవ్సులు వేసుకున్నాం.

కుండలో లోహం సిద్ధమైందో లేదో చూడటానికి పెద్దాయన థర్మామీటరు వాడినా, ముందు పైన్ చెక్క పుల్ల ముంచారు. పుల్ల వెంటనే మండిపోకుండా గోధుమ రంగుకి తిరిగి మాడాలి. పైన తేలిన చిట్టెం పక్కకి నెట్టి, గరిటె నిండా తీసుకుని, ఆపకుండా ఒకే ధారగా పోశారు. మధ్యలో ఆగితే పొర పడుతుంది, తర్వాత ఆ పొర దగ్గరే పగులుతుంది. నేను రెండోది పోశాను. అంత ధ్యాసగా జీవితంలో ఇంకేదీ పోసి ఉండను.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మావయ్యకి చూపించాను.

"ఇది వైట్ మెటల్ కదరా అల్లుడూ! మా గురువుగారు ఆయిలింజన్లకి పోసేవారు. చల్లారాక సుత్తితో తట్టారా?"

"రేపు తడతాం మావయ్యా."

"తట్టాలి. పోత చల్లారితే కాస్త ముడుచుకుంటుంది. తడితే గూట్లో గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత బ్లూ పెట్టి చూసుకో, కంగారుపడకు."

ఎనిమిది వేల మైళ్ల అవతల కూర్చుని, ఫోర్డు బండి ఎప్పుడూ ముట్టుకోని మనిషి, మర్నాడు పెద్దాయన చెప్పబోయే మాటే చెప్పాడు. తట్టాం. బోరింగ్ బారుతో మూడూ ఒకే వరసలో తీశాం. క్రాంకు సన్నగా ఉంటుంది, జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) అంగుళంపావు మాత్రమే. దాన్ని పది థౌ అండర్‌సైజుకి గ్రైండింగ్ చేయించి తెచ్చాం. జర్నల్‌కి నీలం రంగు పల్చగా రాసి, కూర్చోబెట్టి తిప్పి తీస్తే బేరింగ్ మీద ఎత్తుగా ఉన్నచోట నీలం అంటుకుంటుంది. అక్కడ స్క్రేపర్‌తో గీకాలి. మళ్లీ నీలం, మళ్లీ తిప్పడం, మళ్లీ గీకడం. నీలం మచ్చలు నలుమూలలా సమంగా పడేదాకా ఇదే పని. చివరికి క్యాపుల కింద షిమ్ములు (పల్చటి రేకులు) సర్ది ఒకటిన్నర థౌ సందు ఉంచాం.

కనెక్టింగ్ రాడ్ల దగ్గర ఒక విషయం గమనించాను. పాత మెకానిక్ ఎవరో ప్రతి రాడ్డు మీదా, దాని క్యాపు మీదా చుక్కలు కొట్టి ఉన్నాడు. ఒకటో దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు. ఏ క్యాపు ఏ రాడ్డుదో మారిపోకుండా. అంటే ఇంజన్‌లో మిగతా భాగాలన్నీ ఏదైనా ఎక్కడైనా బిగించుకోగలిగినా, బేరింగు దగ్గర మాత్రం జతలు విడదీయకూడదు. ఫ్యాక్టరీలో కూడా కొత్త ఇంజన్‌ని బయటి శక్తితో తిప్పి బేరింగులు సర్దుకునేలా చేసేవాళ్లు. ఇది మావయ్యకి చెబితే ఆయనకి ఎంత సంతోషమో. "చూశావా, బేరింగు దగ్గరికొచ్చేసరికి ఫోర్డు కూడా మన దారికే వచ్చాడు" అన్నాడు. ఆ మాటలో నిజముంది. మాస్ ప్రొడక్షన్ ఒక్కరోజులో చేతిపనిని తుడిచేయలేదు. గ్రైండింగ్ మెషిను వచ్చిన మేరకు, ఫిక్స్చర్ కుదిరిన మేరకు, ఒక్కో మూల నుంచి తోసుకుంటూ వచ్చింది.

మాగ్నెటో, అంటే స్పార్కుకి కరెంటు పుట్టించే భాగం, బిగించే పని నాకు అప్పజెప్పారు. ఫ్లైవీలు మీద చుట్టూ 16 వి ఆకారపు అయస్కాంతాలు, ఎదురుగా కదలని చట్రం మీద 16 కాయిల్స్. పక్కపక్క అయస్కాంతాల్లో ఒకే రకం ధ్రువాలు కలిసి ఉండాలి. అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, కాయిల్స్‌కీ వాటికీ మధ్య సందు అంగుళంలో ముప్పై రెండో వంతు. స్క్రూలు బిగించడం, ఎత్తు చూడటం, ఒకటి పొడుగైతే విప్పి మళ్లీ సర్దడం, ఇలా సాయంత్రమంతా పోయింది. తర్వాత చేతులు కడుక్కుంటూ పెద్దాయన చెప్పారు, కదిలే లైను మొదలైంది ఈ భాగంతోనే అని. 1913 ఏప్రిల్‌లో హైలాండ్ పార్క్‌లో. అంతకుముందు ఒక మనిషి ఒక మాగ్నెటో కట్టడానికి 20 నిమిషాలు. పనిని 29 మందికి పంచి, ముందుకు నెట్టుకుంటూ పోతే 13 నిమిషాల 10 సెకన్లు. పనివాళ్లు వంగక్కర్లేకుండా వరసని 8 అంగుళాలు ఎత్తు చేస్తే 7 నిమిషాలు. వేగం సర్దుబాటు చేశాక 5. అదే పద్ధతి ఆ ఏడాది ఛాసిస్‌కి పాకింది. 12న్నర గంటల పని 1914కల్లా గంటా 33 నిమిషాలకి దిగింది.

ఇందాక నేను చెప్పింది ఇక్కడ రుజువవుతుంది. ఆ 29 మందిలో ఏ ఒక్కరి చేతిలోనూ ఆకురాయి లేదు. అయస్కాంతం కుదరకపోతే పక్కన పడేసి ఇంకోటి తీసుకోవాలి, అంతే. కుదరనిది అరుదుగా వచ్చేలా మెషిన్ షాపు చూసుకుంది.

దీనికి మనిషి పెట్టిన ఖర్చు కూడా చెప్పకపోతే అన్యాయం. 1913లో ఫోర్డులో పనివాళ్లు నిలవలేదు. సుమారు 14 వేల మందిని పనిలో ఉంచుకోవడానికి ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. రోజంతా ఒకటే నట్టు, ఒకటే స్క్రూ. నాకైతే ఒక సాయంత్రం మాగ్నెటో కట్టడం సరదాగా ఉంది, చేసిందంతా నేనే కాబట్టి. అందులో ఒక్క స్క్రూ మాత్రమే రోజూ బిగించమంటే నేనూ పారిపోయేవాణ్నే. 1914 జనవరిలో రోజుకి 5 డాలర్లు, 8 గంటల పని ప్రకటించాక జనం గేటు ముందు బారులు తీరారు. ఆ 5 డాలర్లని దాతృత్వంగా చెప్పేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. అంత విసుగు పనిలో మనిషిని నిలబెట్టడానికి ఆ ధర పెట్టక తప్పలేదు. మరోవైపు 1908లో 850 డాలర్లున్న బండి, 1925కల్లా చవక రకం 260 డాలర్లకి వచ్చింది. రైతులు, టీచర్లు కొనుక్కున్నారు. రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది వదిలేసేవాళ్ల మాట నేను వినను.

మధ్యలో ఒక ఆదివారం పికెట్ అవెన్యూ ప్లాంటుకి వెళ్లొచ్చాం, ఇప్పుడది మ్యూజియం. 1904లో కట్టిన మూడంతస్తుల ఇటుక భవనం, పొడుగ్గా బట్టల మిల్లులా ఉంటుంది. మొదటి 12 వేల మోడల్ టి కార్లు ఇక్కడే తయారయ్యాయి. చెక్క నేలలో నూనె ఇంకి నల్లబడిన చోట్లు ఇంకా ఉన్నాయి. తొలి ఏళ్లలో ఫోర్డుకి ఇంజన్లు డాడ్జ్ సోదరుల మెషిన్ షాపు నుంచి వచ్చేవి. ఇక్కడ కారు ఒకచోట నిలబడి ఉంటే మనుషులే దాని దగ్గరికి వచ్చి బిగించేవాళ్లు. వుడ్‌వర్డ్ అవెన్యూలో ఉన్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ మాత్రం చూడటానికి లోపలికి పోనివ్వరు. పక్కనున్న షాపింగ్ సెంటర్‌కి మోడల్ టి ప్లాజా అని పేరు పెట్టారు. అక్కడ బండి ఆపి గోడలు చూసి వచ్చాం. అంత పని జరిగిన చోటికి అంత తక్కువ గౌరవం దక్కడం నాకు బాధగా అనిపించింది.

ఇంజన్ బండిలోకి ఎక్కించి, నీళ్లు, నూనె పోశాం. స్టీరింగ్ కింద ఎడమవైపు స్పార్క్ మీట పూర్తిగా పైకి. ఇది మరిచిపోతే క్రాంకు వెనక్కి తన్ని మణికట్టు విరుగుతుంది. కుడివైపు థ్రాటిల్ మీట కొద్దిగా కిందికి. స్విచ్చి బ్యాటరీ వైపు తిప్పగానే డాష్ మీది పెట్టెలో కాయిల్ జుమ్మని మోగింది. ఎడమ చేత్తో, బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగాలని పెద్దాయన పట్టి చూపించారు. రెండుసార్లు ఉత్తిగా తిరిగింది. చోక్ తీగ లాగి మళ్లీ తిప్పితే అందుకుంది. మాగ్నెటోకి మార్చాక చప్పుడు ఇంకా తేటగా మారింది. అడుగు నుంచి టకటక లేదు. పెద్దాయన చెవి దగ్గర పొడుగు స్క్రూడ్రైవర్ పెట్టుకుని, బ్లాకుకి ఆనించి, ఒక్కో బేరింగూ విన్నారు. తల ఊపి నాకిచ్చారు, నేనూ విన్నాను.

ఇప్పుడు వెనక యాక్సిల్ విప్పుతున్నాం. అందులో పాత బ్యాబిట్ థ్రస్ట్ వాషర్లు ఉన్నాయి. అవి పొడైపోతే గేర్లు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. పెడల్ బ్రేకు గేర్ల పెట్టెలోనే ఉంటుంది కాబట్టి బ్రేకు కూడా పోతుంది. మోడల్ టి కొనాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే: రోడ్డెక్కే ముందు ఆ వాషర్లు తీయించి కంచువి వేయించండి. మావి పోస్టులో ఉన్నాయి. ఆర్డరిచ్చేటప్పుడు ఏ ఏడాది బండి అని మాత్రమే అడిగారు. ఈ మాట చెప్పాక మావయ్య, "అయినా షాఫ్టు కొలుచుకోరా" అన్నాడు. కొలిచే వేస్తాం.